ఒక్క జీతంతో ఇల్లు నడుస్తుందా? ఉద్యోగం మానే ముందు వేసుకోవాల్సిన లెక్క

పాపకి పది నెలలప్పుడు మా ఇంట్లో రోజూ రాత్రి అన్నం దగ్గర ఇదే గోల, నేను ఉద్యోగం మానేయాలా వద్దా అని. నేను మానేస్తా అంటే మా ఆయన "ఎలా నడుస్తుందే" అనేవారు, ఆయన సరే మానెయ్ అన్న రోజు నాకు భయం వేసేది. నాలుగు నెలలు ఇలాగే గడిచాక ఒక ఆదివారం కూర్చుంటే తెలిసింది ఏంటంటే ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా కాగితం మీద లెక్క వేసుకోలేదు ఇద్దరం. ఆ రోజు వేశాం, తర్వాత ఆర్నెల్లు ఆయన జీతం మీదే బతికి చూశాం, అప్పుడు మానేశాను, ఇప్పటికి మూడేళ్ళయింది.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు, అందుకే ఏది ముందు ఏది తర్వాత అని వరసగా రాస్తున్నా. మాది హైదరాబాద్, నిజాంపేట వైపు అద్దె ఇల్లు. కింద అంకెలు మా లెక్కనే ఇప్పటి రేట్లకి మార్చి రాసినవి, మీ అద్దె మీ జీతం వేరుగా ఉంటాయి కానీ పద్ధతి ఇదే. అమ్మే మానేస్తున్నట్టు రాస్తున్నా ఎందుకంటే మా ఇంట్లో జరిగింది అది, మీ ఇంట్లో ఆవిడ జీతమే ఎక్కువైతే నాన్న ఇంట్లో ఉండటమే మంచిది, బంధువులు నాలుగు రోజులు అంటారు ఊరుకుంటారు, లెక్కలో మాత్రం ఏ తేడా ఉండదు.

1. రెండో జీతంలో నిజంగా మిగిలేది ఎంతో చూడండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఎక్సెల్ కూడా పర్లేదు కానీ ఇద్దరూ కలిసి కూర్చుని చేతితో రాస్తే ఒకరు దాచేది ఉండదు. మానేద్దాం అనుకుంటున్నవాళ్ళ టేక్ హోమ్ (కటింగులు పోగా చేతికి వచ్చే జీతం) పైన రాయండి, 45,000 అనుకుందాం. దాని కింద ఆ ఉద్యోగం ఉండబట్టే అవుతున్న ఖర్చులు మాత్రం రాయండి. డేకేర్ 14,000, క్యాబ్ 5,500, వంటమనిషి 4,500, సాయంత్రం ఓపిక లేక కర్రీ పాయింట్ నుంచో స్విగ్గీ నుంచో తెచ్చుకునేవి 5,000, ఆఫీసు బట్టలు, టీమ్ లంచ్‌లు, ఎవరికో ఫేర్‌వెల్ గిఫ్ట్‌కి వేసే చందాలు కలిపి 2,000, డేకేర్‌లో ఒకళ్ళనించి ఒకళ్ళకి అంటుకునే జలుబులకి డాక్టరు, మందులు 1,500. మొత్తం 32,500. అంటే 45,000 లో మిగిలేది 12,500.

ఈ అంకె చూడగానే చాలామంది "అయ్యో ఇంతేనా, దీనికోసమా ఇంత పరుగు" అనుకుని ఆ రోజే రిజైన్ మెయిల్ రాసేస్తారు. ఆగండి. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, జీతంలోంచి పీఎఫ్‌కి కట్ అయ్యేది టేక్ హోమ్‌లో కనపడదు. 15,000 మీదే పీఎఫ్ లెక్క కట్టే కంపెనీ అయితే మీ వాటా నెలకి 1,800, కంపెనీ వాటా ఇంకో 1,800, (కంపెనీ వాటాలో 1,250 పెన్షన్‌కి పోతుంది, మిగతాది పీఎఫ్‌లోకి). అది కూడా మీ సంపాదనే, కాబట్టి నిజంగా వదులుకునేది నెలకి 16,100.

రెండోది ఇంకా పెద్దది. డేకేర్ ఖర్చు మూడు నాలుగేళ్ళు ఉంటుంది, జీతం అలా కాదు, పెరుగుతూ పోతుంది. ఏడాదికి 8 శాతం హైక్ వచ్చినా ఇవాళ్టి 45,000 ఐదేళ్ళకి 66,000 దాటుతుంది. మానేసి ఐదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్తే ఆ 66,000 చేతిలో పెట్టేవాళ్ళు తక్కువ. కాబట్టి ఈ నెల లెక్కతో పాటు ఐదేళ్ళ లెక్క కూడా పక్కన రాసుకోండి, రాసుకున్నాక కూడా మానేయాలనిపిస్తే అప్పుడు అది తెలిసి తీసుకున్న నిర్ణయం. నేను అలాగే తీసుకున్నాను, పశ్చాత్తాపం లేదు.

ఇంకో మాట, డేకేర్ ఖర్చుని అమ్మ జీతంలోంచే ఎందుకు తీసేస్తాం అని నాకు ఇప్పటికీ కోపమే. బిడ్డ ఇద్దరిదీ, ఖర్చూ ఇద్దరిదీ. మానేస్తే ఏం ఆగుతుందో తెలుసుకోడానికి లెక్క ఇలా వేస్తున్నాం అంతే, "నీ జీతం డేకేర్‌కే సరిపోతోంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

2. మిగిలే ఒక్క జీతంలో ఇంటిని పెట్టి చూడండి

ఇప్పుడు రెండో పేజీ. ఉండే జీతం 70,000 అనుకుందాం. అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,500, బియ్యం పప్పులు కూరలు పాలు కలిపి 14,000, కరెంటు గ్యాస్ నెట్ ఫోన్లు 4,000, పెట్రోల్ 4,000, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది 5,000, ఇన్సూరెన్స్ ప్రీమియంలు నెలకి సర్దితే 4,000, కార్ ఈఎమ్ఐ 9,000. ఇక్కడికి 60,500. ఇక్కడే ఆపేస్తే 9,500 మిగులుతున్నట్టు కనపడుతుంది, మేం కూడా మొదటిసారి ఇక్కడే ఆపేసి సంబరపడ్డాం.

నెల నెలా రాని ఖర్చులు ఇందులో లేవు. పండగ బట్టలు, ఊరికెళ్ళే టికెట్లు, బండి సర్వీసింగ్, పెళ్ళిళ్ళకి చదివింపులు, పుట్టినరోజులు, ఏడాదికోసారి అద్దె పెంపు, స్కూల్లో వేసే ఏడాది అడ్మిషన్ ఫీజు. వీటికోసం బ్యాంక్ స్టేట్‌మెంట్ పన్నెండు నెలలది డౌన్‌లోడ్ చేసుకుని ఒక్కో లైనూ చూడండి, యూపీఐ పేమెంట్లు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి దొరక్కుండా పోదు. మాకు ఏడాదికి 72,000 తేలింది, నెలకి 6,000. అంటే 66,500 ఖర్చు, మిగిలేది 3,500 మాత్రమే. 3,500 తో ఇల్లు నడవదు, ఒక్కసారి హాస్పిటల్ మెట్లెక్కితే అయిపోతుంది.

అప్పుడు మేం చేసింది కారు లోన్ మూసేయడం. ఇంకా ఏడాదిన్నర మిగిలుంది, నా పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీసి కట్టేశాం. ఆ 9,000 ఆగిపోవడంతో మిగులు 12,500 అయింది. ఒక్క జీతం ఇంట్లో ఈఎమ్ఐ ఒకటి తీసేస్తే వచ్చే ఊపిరి, కూరల్లో టీలో మిగుల్చుకుంటే రాదు. క్రెడిట్ కార్డు బాకీ గనక ఉంటే అది ముందు తీరాలి, అది ఉండగా మానేయడం గురించి మాట్లాడకండి.

సొంత ఇంటి లోన్ ఉన్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త. ఇద్దరి జీతాలు చూపించి తీసుకున్న లోన్‌కి ఒకరు మానేసినా ఇద్దరూ బాధ్యులే. 50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు అయితే ఈఎమ్ఐ దాదాపు 43,400, 70,000 జీతంలో అది కట్టాక తినడానికి ఏం మిగలదు. కొంతమంది "30 ఏళ్ళకి మార్పించుకుంటే తగ్గుతుందిగా" అంటారు, తగ్గేది నెలకి 5,000 కూడా కాదు, 38,400 పైనే ఉంటుంది, కానీ మొత్తం మీద కట్టే వడ్డీ 34 లక్షల దాకా పెరుగుతుంది. నా లెక్కలో ఈఎమ్ఐలన్నీ కలిపి ఒక్క జీతంలో 35, 40 శాతం దాటితే ఇంకో రెండేళ్ళు ఇద్దరూ ఉద్యోగం చేసి లోన్ అసలు కొంత తగ్గించుకోవడమే మంచిది, ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్‌కి ముందే కట్టినా పెనాల్టీ ఉండదు.

3. మానకుండానే ఆర్నెల్లు మానేసినట్టు బతకండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, మిగతావి ఏవి వదిలేసినా ఇది వదలకండి.

ఉద్యోగం చేస్తూనే ఉండండి. ఆవిడ జీతంలోంచి డేకేర్, క్యాబ్, వంటమనిషి లాంటి ఆ ఉద్యోగం ఖర్చులు మాత్రమే తీయండి, మిగిలిన 12,500 జీతం పడిన రోజే ఆర్‌డీలోకి (బ్యాంకులో నెల నెలా కట్టే డిపాజిట్) ఆటో డెబిట్ పెట్టేయండి. అద్దె నుంచి కొత్తిమీర కట్ట దాకా ఇల్లంతా ఆయన జీతం మీదే నడవాలి. దొంగతనంగా పక్క కార్డు గీకకూడదు.

మొదటి నెల బాగానే గడిచింది మాకు. రెండో నెల మాఘమాసం. ఒకే నెలలో మూడు పెళ్ళిళ్ళు, అందులో ఒకటి మా పెద్దమ్మ కూతురిది, తెనాలిలో. పిల్లకి చీర, మనకి ప్రయాణం, రెండు చోట్ల చదివింపులు, తిరుగు ప్రయాణంలో రిజర్వేషన్ దొరక్క బస్సు. 19వ తారీఖు పొద్దున పాల ప్యాకెట్లకి ఫోన్‌పే చేయబోతూ బ్యాలెన్స్ చూస్తే 2,300 ఉంది. ఇంకా పదకొండు రోజులు. ఆ రోజు మా ఆయన ఫోన్ చూసి నన్ను చూసి ఏం మాట్లాడలేదు. ఆర్‌డీ పగలగొట్టలేదు మేం, ఆ నెలాఖరు దాకా బయట ఒక్క రూపాయి పెట్టకుండా ఊర్నించి వచ్చిన బియ్యం, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి, కందిపొడితో లాగేశాం. కానీ ఆ రోజే పెళ్ళిళ్ళ కోసం అని వేరే సేవింగ్స్ అకౌంట్ ఒకటి తెరిచి నెల నెలా 2,500 వేయడం మొదలుపెట్టాం. అదే ఉద్యోగం మానేశాక వచ్చి ఉంటే ఎవరి దగ్గరో చేయి చాచేవాళ్ళం.

ఆర్నెల్లు ఎందుకంటే మూడు నెలల్లో పండగలు, ఫీజులు, పెళ్ళిళ్ళు, జ్వరాలు అన్నీ రావు. వీలైతే ఆ ఆర్నెల్లలో సంక్రాంతో దసరానో ఒకటైనా, జూన్ ఫీజులైనా పడేలా చూసుకోండి. ఆర్నెల్లలో రెండు నెలలకి మించి తప్పితే ఇంకా టైమ్ రాలేదని అర్థం. తప్పలేదంటే చేతిలో 75,000 కూడా ఉంటుంది, అది ఎమర్జెన్సీ డబ్బుకి మొదటి ఇటుక.

ఎమర్జెన్సీ డబ్బు ఎంత ఉండాలి అంటే, కార్ లోన్ పోయాక ఇంటి ఖర్చు 57,500, ఆర్నెల్లకి మూడు లక్షల నలభై ఐదు వేలు. ఇద్దరూ సంపాదిస్తుంటే ఒకరి ఉద్యోగం పోయినా రెండోది ఉంటుంది, ఒక్కరే అయితే ఆ ఒక్కటీ పోతే సున్నా, ఐటీలో ఉన్నవాళ్ళకి ఈ రెండు మూడేళ్ళలో నేను చెప్పక్కర్లేదు. నేనైతే తొమ్మిది నెలలకి దాచుకున్నాకే మానమంటా. చీటీలో ఉన్న డబ్బుని ఇందులో కలపకండి, అవసరమైన నెలలోనే పాట మనకి దక్కుతుందని ఏముంది.

4. మానేయడం ఒక్కటే దారా అని ఒకసారి అడగండి

ఇది చాలామంది దాటేస్తారు. మెటర్నిటీ చట్టంలో 2017లో మార్పులు చేశారు (2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం బదులు సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది, ఈ రూల్స్ అందులోనూ ఉన్నాయి), మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు వచ్చింది, 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట క్రెచ్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఉండాలి, అమ్మ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. సెలవు అయ్యాక పనికి కుదిరితే ఇంటినుంచి చేసేలా కంపెనీతో మాట్లాడుకోవచ్చని కూడా అందులోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అయితే చైల్డ్ కేర్ లీవ్ మొత్తం సర్వీసులో 730 రోజులు, మొదటి 365 రోజులకి పూర్తి జీతం, తర్వాత 365కి 80 శాతం. అలాంటి ఉద్యోగం వదులుకునే ముందు ఆ సెలవంతా వాడుకోండి.

ప్రైవేటులో నోటి మాటతో అడగొద్దు, మెయిల్ పెట్టండి. నేను మేనేజర్‌ని రెండుసార్లు నోటితో అడిగాను, రెండుసార్లూ చూద్దాం అన్నారు, మూడు నెలలు పోయాయి. మెయిల్ పెట్టాక వారంలో సమాధానం వచ్చింది. కుదరదు అనే వచ్చింది, కానీ కనీసం తేలింది.

అమ్మమ్మనో నానమ్మనో పిలిపించుకోవడం ఇంకో దారి. పిలవండి, కానీ అరవై దాటిన మనిషి రోజంతా పాకే పిల్ల వెనక పరిగెత్తడం ఎంత కష్టమో ముందు ఆలోచించండి, ఒక ఆయాని పెట్టి పెద్దావిడ చూసుకునేలా చేస్తే ఆవిడకీ నడుం నిలుస్తుంది.

5. రిజైన్ మెయిల్ పెట్టే ముందు

తేదీ చూసుకోండి. ఒకే కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు) వస్తుంది, చివరి నెల బేసిక్, డీఏ కలిపి (2025 నవంబర్ 21 నుంచి అవి మొత్తం జీతంలో సగం కంటే తక్కువైతే సగం లెక్కన) దాన్ని 26తో భాగించి 15తో గుణించి ఎన్నేళ్ళు చేశారో దాంతో గుణిస్తే వచ్చేది. బేసిక్ 25,000 అయితే ఐదేళ్ళకి 72,000 పైన. నాలుగేళ్ళ నాలుగు నెలలకి మానేసేవాళ్ళని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది. అలాగే బోనస్, వేరియబుల్ పే అకౌంట్లో పడ్డాకే పేపర్లు పెట్టండి, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళకి ఇవ్వం అని చాలా కంపెనీల్లో రూల్ ఉంటుంది.

పీఎఫ్ తీయకండి. మానేసిన వెంటనే అందరూ చెప్పే మొదటి సలహా "పీఎఫ్ తీసేయ్" అని. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి, మళ్ళీ ఉద్యోగంలో చేరి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత ఏళ్ళు కలుస్తాయి, పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఆ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. చేయాల్సింది ఏంటంటే యూఏఎన్‌కి (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) ఆధార్, పాన్, మీ సొంత బ్యాంక్ అకౌంట్, మీ సొంత ఫోన్ నంబరు లింక్ అయ్యాయో లేదో చూసుకోవడం, నామినీ పెట్టడం. మానేసిన తేదీని కంపెనీ వేయకపోతే చివరి వాటా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్లో మీరే వేసుకోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్. ఆఫీసు పాలసీ ఆఖరి రోజుతో పోతుంది. ఆయన ఆఫీసు పాలసీలో ఉన్నాంగా అని ఊరుకోకండి, ఆ ఉద్యోగం పోతే పాలసీ కూడా పోతుంది, రెండు దెబ్బలూ ఒకే రోజు. ఇంటిల్లిపాదికీ సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ ఉద్యోగం ఉండగానే తీసుకోండి, థైరాయిడ్, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి మూడేళ్ళ దాకా వెయిటింగ్ (అప్పటిదాకా ఆ జబ్బులకి క్లెయిమ్ రాదు) ఉండొచ్చు, ఎంత తొందరగా మొదలైతే అంత తొందరగా అయిపోతుంది. ఉన్న జబ్బు దాచకుండా రాయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు.

సంపాదించే మనిషికి టర్మ్ ఇన్సూరెన్స్ (ఆ మనిషి పోతే ఇంటివాళ్ళకి డబ్బు వచ్చే పాలసీ) తప్పనిసరి. మా లెక్క ఇలా, ఉన్న అప్పులన్నీ, ప్లస్ పాపకి ఇరవై రెండు వచ్చేదాకా ఇంటి ఖర్చు, ప్లస్ చదువు. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం కింద తీసుకుంటున్నాం అని ఫారంలో పెట్టిస్తే ఆ డబ్బు భార్యాపిల్లలకే, అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు. వ్యాపారం చేసేవాళ్ళయితే ఇది మరీ ముఖ్యం.

పన్ను కూడా చూడండి. మన దగ్గర భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేసే పద్ధతి లేదు, ఎవరి లెక్క వాళ్ళదే. 2025-26 కొత్త పద్ధతిలో జీతగాళ్ళకి 12.75 లక్షల దాకా పన్ను లేదు. ఇద్దరికీ చెరో 9 లక్షలు వస్తే ఇంటికి 18 లక్షలు, పన్ను సున్నా. అదే 18 లక్షలు ఒక్కరికే వస్తే 1,50,800 పన్ను. "నాకు ఇంకో కంపెనీలో డబుల్ ఇస్తారు, నువ్వు మానెయ్" అనుకునే ఇళ్ళల్లో ఇది చూసుకోకుండా లెక్క వేయకండి.

6. ఇంట్లో ఉండే మనిషి పేరున డబ్బు ఉండాలి

ఇది నేను అందరికీ గట్టిగా చెప్తాను. ఎనిమిదేళ్ళు సంపాదించిన మనిషి ఒక్కసారిగా జుట్టుకి క్లిప్పులు కొనుక్కోడానికి కూడా "ఒక రెండొందలు వెయ్యవా" అని అడగాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో నేను మొదటి నెలలోనే చూశాను. మా ఆయన ఏమీ అనలేదు, అడిగిన వెంటనే వేశారు, అయినా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రే చెప్పాను. మర్నాడు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టారు, జీతం పడిన మర్నాడు నా అకౌంట్లోకి 5,000, దానికి లెక్క చెప్పక్కర్లేదు, ఇంటి ఖర్చు అందులోంచి పెట్టక్కర్లేదు.

దాంతో పాటు ఆవిడ పేరున పీపీఎఫ్ (ఉద్యోగం లేకపోయినా బ్యాంకులోనో పోస్టాఫీసులోనో తెరుచుకునే ప్రావిడెంట్ ఫండ్) తెరవండి. ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా వేయొచ్చు, పదిహేనేళ్ళు. భర్త ఇచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయం మామూలుగా భర్త ఆదాయంలోనే కలుస్తుంది, పీపీఎఫ్ వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. ఆగిపోయిన పీఎఫ్‌కి బదులు ఇది అనుకోండి, నెలకి 3,600 వేస్తే ముందు కట్ అయిన దానికి సమానం. మాకు మిగిలే 12,500 లో 5,000, 3,600 పోగా 3,900 పాప పేరున, ఎమర్జెన్సీకి సగం సగం.

ఆయన అకౌంట్లు, పాలసీలు, లోన్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఇద్దరికీ తెలిసేలా నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసి బీరువాలో పెట్టండి.

7. తిరిగి వెళ్ళేది ఎప్పుడో ఇప్పుడే రాసుకోండి

"చూద్దాంలే" అనుకుంటే ఏళ్ళు గడిచిపోతాయి. పిల్ల నర్సరీకి వెళ్తే ఖాళీ వస్తుంది అనుకుంటాం, స్కూలు పన్నెండున్నరకే వదిలేస్తారు, ఫీజేమో డేకేర్ కంటే తక్కువేం ఉండదు. కాబట్టి ఖర్చు తగ్గే ఏడాది ఏదో, పెరిగే ఏడాది ఏదో ముందే వేసుకోండి. వారానికి నాలుగైదు గంటలు మీ పనికి సంబంధించినది ఏదో ఒకటి వదలకుండా చేయండి, నేను పాప పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి మా పాత టీమ్ లీడ్ ఇచ్చే చిన్న చిన్న టెస్టింగ్ పనులు చేస్తున్నా, డబ్బు తక్కువే కానీ రెజ్యూమ్‌లో గ్యాప్ లేదు.

మేం ప్రతి ఏడాదీ మే నెలలో, స్కూల్ ఫీజు కట్టే ముందు, ఆ నోట్‌బుక్ మళ్ళీ తీస్తాం. ఆఖరి అట్ట లోపల మూడు లైన్లు రాసున్నాయి మా ఇద్దరి సంతకాలతో. ఎమర్జెన్సీ డబ్బు నాలుగు నెలల ఖర్చు కంటే కిందికి పడినా, వరసగా మూడు నెలలు నా 5,000 ఇంటి ఖర్చుకి వాడాల్సి వచ్చినా, నాకు ఇంట్లో ఊపిరాడనట్టు అనిపించినా, నేను ఇంటర్వ్యూలకి వెళ్తాను, పొద్దున పాపని రెడీ చేసే పని ఆయనది. పోయిన మేలో చూసినప్పుడు ఎమర్జెన్సీలో ఎనిమిది నెలలది ఉంది.